ఎర్రోడికి ఆముదం

ముత్తంగి దాటి పాశమైలారం వైపు పోతుంటే రెండు పక్కలా కంపెనీలే. రేకుల షెడ్లు, పొగ గొట్టాలు, లారీలు లేపే దుమ్ము. ఆ దుమ్ములో ఒక మందుల కంపెనీ గోడ లోపల మాత్రం పచ్చటి గడ్డి ఉంటుంది, పెళ్లింటి ముందు జంపఖానా పరిచినట్టు. దాన్ని ఆగి చూసేవాళ్లు తక్కువ. షిఫ్టుకు వచ్చేవాళ్లు తల వంచుకుని లోపలికి పోతారు, దిగినవాళ్లు బస్సు కోసం ఉరుకుతారు. పొద్దంతా ఆ గడ్డిని చూసుకునేది ఇద్దరే. గడ్డి కోసే యాదన్న, కోసిన గడ్డిని పోగుచేసే అతని భార్య ముత్యమ్మ. ఇద్దరిదీ కర్దనూరు.

యాదన్న కోసేది కొడవలితో కాదు. కంపెనీకి ఒక గడ్డి బండి ఉంది. ఎర్ర రంగుది, ట్రాక్టరుకు పుట్టిన పిల్లలా ఉంటుంది. ఎక్కి కూర్చోవడానికి సీటు, తిప్పడానికి స్టీరింగు, పొట్ట కింద బోర్లించిన రేకు డొప్ప, ఆ డొప్పలో తిరిగే బ్లేడ్లు. సీటు పక్కన పసుపు గుండీ ఒకటుంది. దాన్ని పైకి లాగితే ఇంజను కింద క్లచ్ టక్కున పట్టుకుని బ్లేడ్లను తిప్పుతుంది. కిందికి నొక్కితే వదిలేస్తుంది.

ఆ బండికి ముత్యమ్మ ఎర్రోడని పేరు పెట్టింది. పేర్లు పెట్టడం ఆమెకు పాత అలవాటే. యాదన్న ఊళ్లో పటేల్ దగ్గర జీతమున్న రోజుల్లో అతను దున్నే ఎద్దులకూ ఆమే పేర్లు పెట్టేది. ఎద్దులు పటేల్‌వి, పేర్లు ముత్యమ్మవి.

పటేల్ పొలం ప్లాట్లయిపోయాక యాదన్న ఇనుము కరిగించే కంపెనీలో రాత్రి డ్యూటీ పట్టాడు. ముత్యమ్మ పగలు నాట్లకు, కలుపుకు పోయేది. అతను పొద్దున బస్సు దిగే వేళకు ఆమె అదే స్టేజీ దగ్గర ఆటో ఎక్కుతూ ఉండేది. ఇంటి తాళంచెవి అక్కడే చేతులు మారేది. "అన్నం గంప కింద ఉన్నది" అని ఆమె అనేది. "బర్రెకు నీళ్లు వెట్టినవా" అని అతను అడిగేవాడు. సంసారమంతా ఆ రెండు మాటలే. పిల్లలు పెరగడం, వాళ్ల పెళ్లిళ్లు కావడం, అన్నీ ఆ రెండు మాటల నడుమనే జరిగిపోయాయి.

కొలిమి వేడికి యాదన్న కళ్లు ఎర్రబడి మంటలు పెడుతుంటే, తెలిసినవాళ్లు చెప్పగా ఈ మందుల కంపెనీలో ఇద్దరూ గడ్డి పనికి కుదిరారు. ఒకే ఆటోలో రావడం, గోడ నీడన ఒకే చోట సద్ది విప్పడం, పప్పులో ఉప్పెక్కువైందని మొగుడంటే పెళ్లాం అక్కడికక్కడే జవాబు చెప్పడం. సాయంత్రం కోసిన గడ్డిని మోపు కట్టి బర్రె కోసం ఇద్దరూ ఆటో మీదికెత్తడం. తలలు నెరిశాక దొరికిన కొత్త కాపురం అది. ఆ మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ నోరు విప్పి అనలేదు.

ఏరువాక పున్నం వెళ్లి వారం తిరగలేదు. వానలు పడి గడ్డి చెప్పిన మాట వినకుండా లేస్తోంది. ఒక పొద్దున యాదన్న పసుపు గుండీ లాగితే టక్కుమన్నది గాని, బ్లేడ్లు నాలుగు తిప్పులు తిరిగి నీరసపడ్డాయి. బండి ముందుకు పోతోంది. వెనక గడ్డి కోసినట్టు లేదు, దువ్వెనతో దువ్వి వదిలినట్టుంది.

"ఏమయ్యో, ఎర్రోడు గడ్డి తింటలేడు" అంది వెనక నుంచి ముత్యమ్మ.

"నీ ఎర్రోనికి పండ్లూడినట్టున్నయి."

"పండ్లూడింది నీకు. వానికేమైందో సూడు ముందు."

యాదన్న దిగి వంగి చూశాడు. ఇంజను కింద నుంచి కాలిన వాసన వస్తోంది. అతను ఫోను తీసి బామ్మర్దికి కలిపాడు. ముత్యమ్మ తమ్ముడు దశరథ్‌కు పటాన్‌చెరులో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. మధ్యాహ్నానికి స్కూటరేసుకుని వచ్చి, అంగీ విప్పి బండి కింద దూరి, చెయ్యంతా మసి చేసుకుని లేచాడు.

"బావా, క్లచ్చి అరిగిపోయింది. పట్టుకోవాలని సూస్తది, జారుతది. ఇగ మార్చుడే."

"సదరితే నడవదా?"

"నీ మోకాళ్లు సదరితే నడుస్తయా? గిది గంతే."

యాదన్న ఆఫీసుకు పోయి చలపతిరావు సారుకు చెప్పాడు. ఆ సారు కంపెనీ ఆవరణ పనులన్నీ చూసే ఆఫీసరు. కృష్ణా జిల్లా మనిషి, మెత్తనివాడు, ఎవరినీ నొప్పించడు. విన్నాడు, ఆలోచించాడు.

"యాదన్నా, బండి పాతదైపోయింది. అయినా ఒక్కసారికి కొత్త క్లచ్ తెప్పిస్తాను. ఆదివారం కంపెనీ ఖాళీగా ఉంటుంది కదా, ఆ రోజు బిగించుకోండి. సోమవారం పొద్దున నేనే వచ్చి చూస్తా. నడిస్తే సరే. నడవకపోతే గడ్డి కాంట్రాక్టుకిచ్చేద్దాం. వాళ్ల కుర్రాళ్లు మిషన్లు భుజాన తగిలించుకుని వచ్చి కోసిపోతారు."

"మరి మేం సార్?"

"మీకేం భయం లేదయ్యా. నిన్ను వెనక గేటు దగ్గర రాత్రి డ్యూటీకి వేస్తాను, కుర్చీలో కూర్చోవడమే. మీ ఆవిడకి పగలు క్యాంటీన్లో పని. ఇద్దరికీ సుఖమే."

మంచి మాట చెప్పానన్న తృప్తితో సారు నవ్వాడు. మనవలను ఎత్తుకున్న మగవాడు ఆఫీసరు ముందు నిలబడి, నాకు పొద్దంతా నా పెళ్లాం కనబడాలి సార్ అని ఏ నోటితో చెబుతాడు? "మంచిది సార్" అని యాదన్న బయటికి వచ్చాడు.

ముత్యమ్మ గడ్డి మోపు కడుతోంది. జరిగింది చెప్పాడు.

"రాత్రి గేటా?" అంది ఆమె.

"ఊఁ."

"మంచిదే గద. కుర్సీల కూసునుడే."

"మంచిదే."

ఆమె తాడును ఎంత బిగించిందంటే మోపు నడుము సన్నబడి రెండు తలలైంది. విప్పి మళ్లీ కట్టింది.

ఆదివారం పొద్దున కంపెనీ వెనక రేకుల షెడ్డులో ముగ్గురూ చేరారు. హైదరాబాదు నుంచి వచ్చిన అట్టపెట్టెలో కొత్త క్లచ్ నల్లగా, బరువుగా, రెండు ఇనుప బిళ్లలు ముఖాముఖి కూర్చున్నట్టుగా ఉంది. బిళ్లల నడుమ సన్నటి సందు. దశరథ్ దాన్ని బయటికి తీసి, గోనెసంచి మీద జాగ్రత్తగా పెట్టాడు.

ముందు బ్యాటరీ తీగ విప్పాడు. బండి ముందు భాగాన్ని జాకీతో లేపి, కింద దిమ్మెలు పెట్టాడు. పాత క్లచ్ నడుమ ఒక పెద్ద బోల్టు. దానికి పానా పెట్టి తిప్పితే బోల్టుతోపాటు ఇంజనూ తిరుగుతోంది.

"అక్కా, నీ మోపు తాడు జెర ఇయ్యి" అన్నాడు.

ఇంజను ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలోకి తాడును కొంచెం కొంచెంగా కుక్కుతుంటే ముత్యమ్మ వింతగా చూసింది. "గదేంది తమ్మీ, ముక్కుతాడు వేస్తున్నవా?"

"ముక్కుల గాదక్కా, గొంతుల. లోపట తాడు అడ్డం పడ్డదంటే ఇంజను తిరగదు, బోల్టొక్కటే తిరుగుతది. మా బావకు గూడ గిట్లనే కుక్కితే నీకు నిమ్మళం."

"మీ బావ నోరు తెరిస్తే గద, నువ్వు కుక్కేది."

యాదన్న పానాకు ఇనుప గొట్టం తొడిగి బరువంతా వేశాడు. బోల్టు కీచుమని అరిచి లొంగింది. క్లచ్ మాత్రం తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, చెక్క సుత్తితో అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేస్తే అప్పుడు జారి చేతిలోకి వచ్చింది.

దశరథ్ దాన్ని వెలుగులో తిప్పి చూశాడు. ముఖం అరిగి అద్దంలా నున్నబడింది. సందులో నల్లటి ముద్ద, కాటుకలా. "గ్రీజు గొట్టినవా బావా?"

"బ్లేడ్ల కాడ కొట్టిన. గీడ నేనెందుకు గొడ్త?"

"జిగురు జిగురున్నది మరి. పోనీ, పోయినదాని ముచ్చట మనకెందుకు."

పెద్ద పానా ఒకటి కావాల్సి వచ్చి బావా బామ్మర్దులు బాయిలరు గది వాచ్‌మన్ దగ్గరికి పోయారు. పనిలో పని, అతను పోసిన చాయ్ తాగి వచ్చారు. వచ్చి చూస్తే గోనెసంచి మీద కొత్త క్లచ్‌కు పసుపు రాసి ఉంది, మీద కుంకుమ బొట్టు. పక్కన ముత్యమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"అయిపాయె. ఇగ దీనికి గరంటీ కార్డు అక్కర లేదు" అని దశరథ్ నవ్వాడు. బొట్టు చెరగకుండానే పట్టుకుని బండి కింద దూరాడు. బెల్టు ఎక్కించాడు, క్లచ్ చెవి గాడిలో కూర్చున్నదో లేదో వేలుపెట్టి చూశాడు, బోల్టు బిగించాడు, తీగ తగిలించాడు. తాడు బయటికి లాగి ప్లగ్గు పెట్టాడు.

యాదన్న సీటెక్కి ఇంజను లేపాడు. గుండీ లాగాడు. టక్. బ్లేడ్లు ఝుమ్మని లేచాయి. ముత్యమ్మ రెండు చేతులూ జోడించింది. షెడ్డు ముందున్న గడ్డిలోకి బండిని పోనిచ్చాడు. ఒక పట్టీ నున్నగా కోసింది. రెండో పట్టీ సగంలో చప్పుడు దిగిపోయింది. కింద నుంచి సన్నగా పొగ.

ఆ పొగ వాసన యాదన్న ముక్కుకు తగిలింది. రబ్బరు వాసన కాదు, ఇనుము వాసన కాదు. ఆముదం.

ఆ వాసన అతనికి ఎప్పటినుంచో ఎరుకే. బాలింత ఇంట్లో దీపం వాసన, పిల్లల మాడున పెట్టే చమురు వాసన. ఏరువాక నాడు ఎద్దులను కడిగి, వాటి గిట్టల సందుల్లో ముత్యమ్మ వేలితో రాసే నూనె వాసన. కాళ్ల పగుళ్ల కోసం ఆమె సద్ది సంచిలో ఎప్పుడూ ఉండే చిన్న సీసా వాసన. ఇంజను ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె కుడిచేతి వేళ్లను కొంగుకు తుడుచుకుంటోంది. పొద్దున్నుంచి తుడుచుకుంటూనే ఉన్నట్టు అక్కడ కొంగు జిడ్డుగా మెరుస్తోంది.

దశరథ్ అప్పటికే బండి కింద ఉన్నాడు. అతని గొంతు కింద నుంచే వచ్చింది. "ఎవడు బావా దీంట్ల నూనె పోసింది? క్లచ్చి అంటేనే రాపిడి మీద బతుకుతది. దానికి నూనె తాకొద్దు. రాయి మీద పాచి పడితే కాలు నిలుస్తదా? గిట్లనే జారుతది. ఇంకోటి తెప్పియ్యడు మీ సారు."

"నేనే" అన్నాడు యాదన్న.

"నువ్వా?"

"పొద్దుగాల తలకు ఆముదం వెట్టుకున్న. చేతికున్నదేమో. ముట్టుకున్న గద."

దశరథ్ బండి కింద నుంచి తల బయటపెట్టి, బావ తలను ఈ చెవి నుంచి ఆ చెవి దాకా చూశాడు. అది ఎండలో ఇత్తడి చెంబులా మెరుస్తోంది. "ఏ తలకు బావా?"

ముత్యమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతోనే కళ్లలో నీళ్లూ వచ్చాయి. "ఆయన గాదు తమ్మీ, నేనే. మీరు చాయ్‌కి పోంగనే సందుల పోసిన. పున్నం నాడు గూడ కింద పండుకొని పాతదానికి పోసిన. తిరిగే కాడల్ల పోసిన. ఎద్దులకు గిట్టలకు రాస్తుంటి గద, నడకల నొప్పి రాదని. గట్లనే అనుకున్న." ఆమె చూపు పాత క్లచ్ మీదికి పోయింది. "అంటే పాతది గూడ నేనే సంపిన్నా?"

దశరథ్ నోట్లో పెద్ద మాటే సిద్ధంగా ఉంది. తమ్ముడన్నాక అక్కను దొరకబట్టే సందు రోజూ రాదు. కానీ అక్క వెనక నిలబడ్డ బావ ముఖం చూసి ఆ మాట మింగేశాడు.

"పాతది ముసలిదక్కా. ఇయ్యాల గాకుంటే రేపు పోతుండె" అన్నాడు. "గిది మాత్రం సూద్దాం. శానా కాలలేదు. ఇప్పి, పెట్రోలుతోని కడిగి, ఎమరీ పేపరుతోని రుద్దుత. ఎండల ఆరబెడ్త. మల్ల పట్టుకుంటే మన అదృష్టం."

"పట్టుకోకుంటే?"

దశరథ్ పానా అందుకున్నాడు.

కడిగిన బిళ్లలు రేకు మీద ఎండలో ఆరుతున్నాయి. దశరథ్ ఈగ వాలనివ్వకుండా వాటికి కాపలా కూర్చున్నాడు. ముత్యమ్మ దూరంగా గోడ పక్కన కూలబడింది. యాదన్న పోయి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నన్ను తిట్టవా?" అంది.

"తిట్టుడు మీ తమ్ముని పని. ఆదివారం కూలి లేకుండ వచ్చిండు, గదన్న జెయ్యనియ్యి."

"వాడు గూడ తిడ్తలేడు."

"గందుకే నాకు గూడ భయమైతున్నది."

ఆమె గడ్డి పోచ ఒకటి తుంచి వేలికి చుట్టుకుంది. "నువ్వు రాత్రి, నేను పగలు. మల్ల స్టేజీ కాడ కలుసుకునే బతుకే." పోచ విప్పి పారేసి అంది, "నేనైతే ఆ తాళంచెవి పట్టనయ్యా. ఇంటికి తాళమే ఎయ్య. ఏం దోసుకపోతరో దోసుకపోనీ."

యాదన్న మాట తీయడానికి ఎప్పుడూ ఆలస్యమే చేస్తాడు. ఈసారి ఇంకా ఆలస్యమైంది. గోడ అవతల రోడ్డు మీద లారీ ఒకటి వచ్చి, పోయి, దాని చప్పుడు కూడా పోయింది.

"నాకు గూడ గదే రంది" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను అంత పెద్ద మాట అనడం ఆమె వినలేదు. "పండ్లూడిన నోటికి మాటలొస్తున్నయి" అంది. కానీ జరిగి కొంచెం దగ్గరగా కూర్చుంది.

"ఇగ రాండ్రి" అని దశరథ్ పిలిచాడు.

క్లచ్ మళ్లీ ఎక్కింది. ఈసారి దశరథ్ చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త గుడ్డతో పట్టుకుని బిగించాడు. అక్కను బండికి బారెడు దూరంలోకి కూడా రానివ్వలేదు. బిగించాక మాత్రం తనే పిలిచాడు.

"అక్కా, ఎక్కి సీట్ల కూసో."

"నేనా? నేనెందుకు?"

"సీట్ల మనిషి లేకుంటే గీ ఇంజను బందయితది. నేను సప్పుడు వినాలె, బావ బెల్టు సూడాలె. నూనె పోసిన చెయ్యే గుండీ పట్టాలె. గదే నీకు జుర్మానా."

"ఏం జెయ్యాలె పట్టుకొని?"

"కొత్త క్లచ్చి మీద ఒకటేసారి బరువెయ్యొద్దు. గుండీ లాగు, జెర ఆగు, నొక్కు. మల్ల లాగు, మల్ల నొక్కు. రెండు మొహాలు ఒకదానికొకటి అలవాటు గావాలె. తొందర పడితే ఖరాబైతది."

"పెండ్లయిన కొత్తల లెక్క."

"ఆ, గట్లనే అనుకో."

ముత్యమ్మ చీర చెక్కుకుని, బావిలోకి దిగినంత భయంగా సీటెక్కింది. కాళ్లు పూర్తిగా అందలేదు. ముందుకు జరిగి కూర్చుంది. ఇంజను లేవగానే కళ్లు మూసుకుంది. దశరథ్ స్క్రూడ్రైవరు ఒక కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. "లాగు" అన్నాడు. ఆమె లాగింది. టక్. "నొక్కు." నొక్కింది. "లాగు."

మొదట్లో గుండీని పాము తోకలా పట్టుకుంది. పోను పోను చేతికి లయ దొరికింది. తమ్ముడు చెప్పకముందే లాగుతోంది, చెప్పకముందే నొక్కుతోంది. మూసిన కళ్లు ఎప్పుడు తెరిచిందో తెరిచింది. గడ్డిని ఇన్నాళ్లూ నడుము వంచి నేల మీది నుంచే చూసింది. ఇక్కడి నుంచి అది గోడ దాకా పరుచుకుని వేరేలా ఉంది. ఆమె ముఖం మీదికి ఒక వెలుగు వచ్చింది, జాతరలో రంగులరాట్నం ఎక్కినదానిలా.

"బావా, సూడుమన్నది బెల్టు దిక్కు. అక్క దిక్కు గాదు" అన్నాడు దశరథ్.

యాదన్న గబుక్కున తల వంచాడు. బెల్టు వణకడం లేదు. జారడం లేదు. గుండీ లాగిన ప్రతిసారీ క్లచ్ గట్టిగా పట్టుకుని, నొక్కిన ప్రతిసారీ శుభ్రంగా వదులుతోంది. పొగ లేదు, వాసన లేదు. దశరథ్ చెవి దగ్గరి స్క్రూడ్రైవరు తీసి, "పట్టింది" అని ఒక్క మాట అని, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇగ దిగు" అన్నాడు యాదన్న.

ముత్యమ్మ దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. "జెర ఆగరాదు. ముందటికి పోవాల్నంటే ఏది తొక్కాలె?"

యాదన్న ఆమెను చూశాడు, బండిని చూశాడు. అతని బుర్రలో ఏదో మెల్లగా, చాలా మెల్లగా, గాడిలో పడింది. సీటు పక్కన నిలబడి ఆమె కాలిని చేత్తో పట్టుకుని సరైన పెడలు మీద పెట్టాడు. "గిది ముందటికి. గిది ఆపేటందుకు. ఆగుడు నేర్సుకున్నంకనే పోవుడు."

సోమవారం పొద్దున చలపతిరావు సారు మాట ప్రకారం వచ్చాడు. గడ్డి బండి చప్పుడు గేటు దగ్గరికే వినబడింది. దగ్గరికి వచ్చి చూస్తే సీటు మీద ముత్యమ్మ. కొంగు నడుముకు చుట్టి, చూపు ముందున్న గడ్డి మీద నిలిపి, పక్కన ఆఫీసరు వచ్చినా తల తిప్పకుండా పోతోంది. వెనక యాదన్న ఇనుప పళ్ల పంజాతో గడ్డి లాగుతున్నాడు.

"ఇదేంటి యాదన్నా, నువ్వు దిగిపోయావేం? బండి నడుస్తోందిగా?"

"మంచిగ నడుస్తున్నది సార్."

"మరి?"

యాదన్న పంజా ఆనుకుని నిలబడ్డాడు. పొద్దున ఆటోలో వస్తూ కూడబెట్టుకున్న మాటలు అవి. "ఇప్పుడు బండి నడిపేటోళ్లు ఇద్దరమైనం సార్. ఒకరికి పానం బాగలేకున్నా గడ్డి ఆగది. ఒకరు నడిపితే ఇంకొకరు పోగుజెయ్యాలె, ఇద్దరుంటెనే పని. గందుకే గేటుకు ఇంకెవల్నన్న సూడుండ్రి. క్యాంటీనుకు గూడ."

సారు అతని ముఖం కేసి చూశాడు. తర్వాత దూరంగా పోతున్న ముత్యమ్మ కేసి చూశాడు. ఏదో అర్థమైనట్టు, అర్థమైంది బయటికి అనకూడదన్నట్టు గడ్డం గోక్కున్నాడు.

"సరేలే. కాంట్రాక్టరుకి వద్దని ఫోన్ చేస్తాను." వెళ్లబోయి ఆగాడు. "కానీ యాదన్నా, చారలు బాగా వంకరపోతున్నాయి."

"వంకరే సార్" అన్నాడు యాదన్న. "సక్కగయితయి."

సారు వెళ్లిపోయాడు. యాదన్న గడ్డి లాగడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ సీటు మీది నుంచి తెలియలేదు గాని, బండి వెనక నడవడం తేలిక పని కాదు. ఒక పోగు చేసేలోపు ముత్యమ్మ ఇంకో చార పూర్తి చేస్తోంది. గోడ దగ్గరికి పోయేసరికి అతను సగం దూరం వెనకబడ్డాడు. ఆమె గుండీ నొక్కి, బండి ఆపి, నడుము మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"జల్దీ నడువు అయ్యా" అంది. "నీ కోసం ఎంతసేపని ఆగాలె?"